డాబా మీద సహవాసము



ఈ శీర్షికలో సాధారణముగా కుటుంబ ప్రార్థన గూర్చి, పిల్లల పెంపకము గూర్చి, అత్తాకోడళ్ళ సమాధానము గూర్చి వ్రాస్తూ ఉంటాము. ఈ నెల ఒక టెలివిజన్ సీరియల్ గూర్చి వ్రాయవలసి వచ్చినది. పాస్టరుగారికి ఇదేమి పని అని పెద్దలు కొందరు అనుకోవచ్చు. మొదట మేమూ అలాగే అనుకొన్నాము.

2023 అక్టోబరులో ఒక బుధవారం ఉపవాస కూడిక ముగిసిన తరువాత మన సంఘ సహోదరుడొకరు మా కొరకు వరండాలో నిలబడి ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగము చేసి విరమించినవారు. హైదర్‌గూడలో కాపురము. చెప్పులు తొడుక్కొని కూడా కదలకుండా నిలబడ్డారంటే ఏదో భారము ఉన్నదని అర్థమైనది.

"అయ్యగారూ, మావాడు చేయి దాటిపోతున్నాడండి" అన్నారు.

త్రాగుడా అని అడిగాము. కాదన్నారు. చెడు స్నేహమా అంటే, అది మీరే చూసి చెప్పాలి అన్నారు. "శనివారం సాయంత్రం అయ్యేసరికి చిక్కడపల్లిలో ఎవరిదో డాబా ఎక్కుతాడండి. రాత్రి పదకొండు దాటితే గాని రాడు. అక్కడ అయిదారుగురు కూర్చుని ఏదో అంతరిక్షం సీరియల్ చూస్తారట. నేను నిక్కర్లు వేసుకున్న రోజుల్లో తీసింది. చూసిందే చూస్తారు. చూసి ఊరుకోరు, ఇంకో రెండు గంటలు దాని గురించే మాట్లాడుకుంటారు. యౌవనస్థుల కూడికకు రమ్మంటే మాత్రం తలనొప్పి అంటాడు. మీరొకసారి మందలించండి."

ఆ సీరియల్ పేరేమిటని అడిగితే, "స్టార్ ట్రెక్ అటండి" అన్నారు.

ఆ పేరు వినగానే మాకు నవ్వు వచ్చినంత పని అయినది. ఎందుకో చెప్పాలి. 1980వ దశకములో దూరదర్శన్ వారు ఈ సీరియల్‌ను ఆదివారము ఉదయము చూపించేవారు. అప్పటికి మేము చిన్నపిల్లలము. మా వీధిలో టీవీ ఉన్న ఇళ్ళు రెండో మూడో. ఆదివారపు బడికి బైబిలు చంకలో పెట్టుకొని బయలుదేరి, దారిలో ఒక ఇంటి కిటికీ ఊచలు పట్టుకొని నిలబడిపోయిన దినములు ఉన్నవి. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చెవులు మొనదేలిన ఆ పొడుగాటి మనిషి మాత్రము కళ్ళకు కట్టినట్లు ఉండేవాడు. ఒక ఆదివారము మా ఆదివారపు బడి టీచరమ్మ అటుగా వచ్చి మా చెవి పట్టుకొని తీసుకుపోయారు. ఆ చెవి నొప్పి ఇప్పటికీ జ్ఞాపకమున్నది. ఇదంతా ఆ సహోదరునితో చెప్పలేదు. "వెళ్ళి చూస్తానండి" అని మాత్రము అన్నాము.

ఆ శనివారము వెళ్ళాము. సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఎంతో దూరము లేదు. పాత ఇల్లు, ఇరుకు మెట్లు. పైన నీళ్ళ ట్యాంకు ప్రక్కన రెండు చాపలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు మీద ల్యాప్‌టాప్. ఇంటి యజమాని బ్యాంకులో పనిచేసి విరమించిన హిందూ పెద్దమనిషి. భార్య గతించినది. పిల్లలు దూరదేశములో ఉన్నారు. దూరదర్శన్ రోజులలో ఈ సీరియల్ చూసి, అప్పటి నుండి దానిని విడువని మనిషి. అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలలో ఏరి ఏరి, జేమ్స్ బ్లిష్ అనే రచయిత ఈ సీరియల్ కథలను పుస్తకాలుగా వ్రాసిన సంపుటములు ఒక ట్రంకుపెట్టె నిండా కూర్చుకొన్నారు. కింగ్‌కోఠి నుండి ఒక ముస్లిము యువకుడు వస్తాడు. నారాయణగూడ నుండి అన్నాచెల్లెళ్ళిద్దరు. అశోక్‌నగర్ హాస్టల్ నుండి కరీంనగర్ కుర్రవాడు. అయిదవవాడు మన సహోదరుని కుమారుడు. మమ్మును చూడగానే వాడి ముఖము పాలిపోయినది.

ఆ పెద్దమనిషి లేచి తాము కూర్చున్న కుర్చీ మాకు వేశారు. ఎందుకు వచ్చారని అడుగలేదు. "మొదటిసారి వచ్చారు కదా, మీకు అర్థమయ్యేది పెడదాం" అని పిల్లలతో అన్నారు. ఏది పెట్టాలన్న దాని మీద పది నిమిషాలు వాదన జరిగినది. క్రొత్తగా వచ్చిన ఒక్క మనిషి కొరకు అంతసేపు ఆలోచించారు. ఆ మాట తరువాత చాలా దినములు మమ్మును గుచ్చినది.

సీరియల్ చూడనివారి కొరకు రెండు మాటలు చెబుతాము. దీనిని కల్పించినవారు జీన్ రాడెన్‌బెర్రీ అనే అమెరికా రచయిత. అంతకు ముందు యుద్ధ విమానము నడిపినవాడు, పోలీసు ఉద్యోగము చేసినవాడు. 1966 సెప్టెంబరు 8న అమెరికాలో మొదటి భాగము వచ్చినది. ఎంటర్‌ప్రైజ్ అనే నక్షత్ర నౌక, దాని కెప్టెన్ కిర్క్, సగము అన్యగ్రహవాసియైన స్పాక్, కోపిష్టి డాక్టరు మెకాయ్, వీరు లోకాలు తిరుగుతూ ఉంటారు. అమెరికా, రష్యాలు ఒకరిమీద ఒకరు అణ్వాయుధములు గురిపెట్టిన కాలమది. అమెరికాలో నల్లజాతివారు ఓటు హక్కు కొరకు వీధులలో దెబ్బలు తిన్న కాలము. అటువంటి దినములలో ఒకే గదిలో రష్యా యువకుడు, జపాను వంశస్థుడు, ఆఫ్రికా స్త్రీ ప్రక్క ప్రక్కన కూర్చుని పనిచేస్తున్నట్లు చూపించారు.

ఆ రాత్రి వారు పెట్టిన భాగము పేరు "ది డెవిల్ ఇన్ ది డార్క్". 1967లో వచ్చినది. ఒక గ్రహములో గనులు త్రవ్వుతూ ఉంటారు. ఏదో జంతువు రాతిలోనుండి దూసుకువచ్చి పనివారిని చంపుతున్నది. యాభై మందికి పైగా చనిపోయారు. దానిని చంపమని ఈ నౌకను పిలిపిస్తారు. తీరా చూస్తే అది రాతితో చేసినటువంటి ప్రాణి. స్పాక్ దాని మీద చేతులుంచి దాని మనస్సులోనికి వెళతాడు. అప్పుడు తెలుస్తుంది, అది ఒక తల్లి. గనివారు ఎందుకూ పనికిరావని వేలకొద్దీ పగులగొట్టి పారవేసిన గుండ్రని రాళ్ళు దాని గ్రుడ్లు. గాయపడిన ఆ రాతి తల్లికి డాక్టరు సిమెంటు మెత్తి కట్టు కడతాడు. నేను డాక్టరునా, తాపీమేస్త్రీనా అని విసుక్కుంటూనే కడతాడు. చివరకు ఏమైనదో ఇక్కడ వ్రాయము. ఎవరైనా చూడదలచుకొంటే రుచి పోతుంది.

అయిపోయిన తరువాత అసలు కూడిక మొదలైనది. ఒక్కొక్కరు మాట్లాడారు. నారాయణగూడ అమ్మాయి, గనివారి తప్పు లేదు కదా, వారికి తెలియదు కదా అన్నది. కింగ్‌కోఠి అబ్బాయి ఒప్పుకోలేదు. యాభై మంది పోయేదాకా ఒక్కడు కూడా అది ఎందుకు చంపుతున్నదని అడుగలేదు, అదే తప్పు అన్నాడు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డు రాలేదు. పెద్దమనిషి ఎక్కువ మాట్లాడలేదు, టీ పోశారు. మందలించడానికి వెళ్ళిన మేము గనివారి వరుసలో కూర్చున్నట్లు మాకే అనిపించినది. మేము మాత్రము ఎవరిని ఏమి అడిగి వచ్చాము?

చివరలో మన సహోదరుని కుమారుడు ధైర్యము తెచ్చుకొని, "అయ్యగారూ, మీకు ఒకటి చూపించాలి" అన్నాడు. అరచేయి ఎత్తి, చిటికెన వ్రేలు ఉంగరపు వ్రేలు ఒక జట్టుగా, మధ్య వ్రేలు చూపుడు వ్రేలు ఒక జట్టుగా విడదీసి చూపించాడు. సీరియల్‌లో స్పాక్ జాతివారు ఇలా చేయి ఎత్తి, దీర్ఘాయుష్షుతో వర్ధిల్లమని ఒకరినొకరు దీవించుకొంటారు. "ఇది ఎక్కడిదో తెలుసా అయ్యగారూ? మన బైబిల్లోదే" అన్నాడు.

మాకు తెలియదు. వాడు చెప్పినది తరువాత మేము పుస్తకములలో చూసుకొన్నాము, నిజమే. స్పాక్ వేషము వేసిన లెనార్డ్ నిమోయ్ యూదుడు. తల్లిదండ్రులు ఉక్రెయిన్ ప్రాంతము నుండి వలసవచ్చి బోస్టను నగరములో స్థిరపడినవారు. చిన్నతనమున తండ్రితో కూడ సమాజమందిరమునకు వెళ్ళినప్పుడు, యాజక వంశపువారు తలల మీదుగా వస్త్రము కప్పుకొని, రెండు చేతులు చాపి, వ్రేళ్ళు అలా విడదీసి ప్రజలను దీవించేవారు. అప్పుడు చూడరాదు, కళ్ళు మూసుకో అని తండ్రి చెప్పాడు. పిల్లవాడు ఓరకంట చూశాడు. 1967లో స్పాక్ జాతివారు ఎలా పలకరించుకోవాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆనాడు దొంగచాటుగా చూసిన ఆ చేతిని లోకమంతటికీ చూపించాడు. ఆ దీవెన సంఖ్యాకాండము 6వ అధ్యాయము 24 నుండి 26 వరకు ఉన్న వచనములే. ప్రతి ఆదివారము ఆరాధన ముగింపులో మేము చేతులెత్తి పలికే మాటలే. వ్రేళ్ళు అలా విడదీస్తే వచ్చే రూపము హెబ్రీ భాషలో షీన్ అనే అక్షరము. సర్వశక్తుడు అని అర్థమిచ్చే దేవుని నామమునకు అది మొదటి అక్షరము. మీ బైబిలులో 119వ కీర్తన 161వ వచనము దగ్గర ఆ అక్షరము పేరు కనబడుతుంది. డిప్లొమా చదువులో మేము ఈ అక్షరమాల కంఠస్థము చేసి, పరీక్ష వ్రాసి, మరచిపోయాము. డాబా మీద ఒక పిల్లవాడు దానిని మాకు జ్ఞాపకము చేశాడు. మా వ్రేళ్ళు అలా విడిపోలేదు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము.

ఈ సీరియల్‌ను ఇంతకాలము బ్రతికించినది కూడా ఇటువంటి డాబా కూటములే. రెండవ సంవత్సరము నడుస్తుండగా దీనిని ఆపివేస్తారన్న మాట పుట్టినది. అప్పుడు బిజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే దంపతులు ఊరూరి అభిమానులకు వ్రాసి, టీవీ సంస్థకు ఉత్తరములు వ్రాయించారు. ఎలా వ్రాయాలో, ఎవరికి వ్రాయాలో నేర్పించారు. ఉత్తరములు కుప్పలుగా పడ్డాయి. 1968 మార్చిలో సీరియల్ కొనసాగుతుందని ఆ సంస్థ టీవీలోనే ప్రకటించవలసి వచ్చినది. అయినా శుక్రవారము రాత్రి పది గంటలకు త్రోసివేశారు, 1969లో ఆగిపోయినది. మొత్తము 79 భాగములు. అంతటితో చచ్చిపోవలసిన సీరియల్. చిన్న చిన్న స్టేషన్లు పాత భాగములనే మరల మరల వేస్తుంటే, చూసినవారు ఇంకొకరికి చెప్పి, వారు మరొకరిని వెంటబెట్టుకొని వచ్చి, 1972 జనవరిలో న్యూయార్కు హోటలులో ఒక కూడిక పెట్టుకొన్నారు. కొన్ని వందలమంది వస్తారనుకొంటే వేలమంది వచ్చారు. 1976లో అమెరికావారి మొదటి షటిల్ వాహనమునకు ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టించినది అభిమానుల ఉత్తరములే. 1987లో క్రొత్త నటులతో సీరియల్ తిరిగి లేచినది. ఆ తరువాత దాని పిల్లలు, పిల్లల పిల్లలు వచ్చారు.

మన పాఠకులకు ప్రియమైన మరొక సంగతి ఇందులో ఉన్నది. ఆఫ్రికా స్త్రీ ఉహూరా వేషము వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సంవత్సరము తరువాత మానుకోవాలని నిశ్చయించుకొన్నారు. ఆ దినములలో ఒక సభలో, మీ అభిమాని ఒకరు మిమ్మును కలవాలంటున్నారు అని ఎవరో చెప్పగా తిరిగి చూస్తే, ఎదురుగా రెవరెండ్ మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నారు. బాప్తిస్టు పాస్టరు. తన పిల్లలను చూడనిచ్చే కార్యక్రమము ఇదని చెప్పి, మీరు మానుకోకూడదు, మన పిల్లలు మిమ్మును అక్కడ చూడాలి అన్నారట. ఈ సంగతి ఆమె తరువాత అనేకమార్లు చెప్పుకొన్నారు. ఆమె మానలేదు. 1977 నుండి నాసా సంస్థ కొరకు స్త్రీలను, నల్లజాతివారిని వ్యోమగాములుగా చేరమని పిలుస్తూ దేశమంతా తిరిగారు. చిన్నతనములో ఉహూరాను చూసి పెరిగిన మే జెమిసన్ 1992 సెప్టెంబరులో అంతరిక్షమునకు వెళ్ళిన మొదటి నల్లజాతి స్త్రీ అయినది. ఒక పాస్టరు టీవీ చూడడము వలన ఇంత జరిగినదని మేము అనడము లేదు. మా టీచరమ్మగారు మాత్రము ఈ సంగతి చదివితే బాగుండునని అనిపించినది.

దీని అర్థము ఈ సీరియల్ బోధ అంతా మాకు సమ్మతమని కాదు. రాడెన్‌బెర్రీ బాప్తిస్టు ఇంట పెరిగి, తరువాత ఆ విశ్వాసమును విడిచిపెట్టినవాడు. మనిషి తన తెలివితోనే పాపము, దరిద్రము, యుద్ధము అన్నిటినీ దాటిపోతాడని అతని నమ్మకము. సిలువ అవసరము లేని రక్షణ అది. మేము ఆ మాట డాబా మీదనే చెప్పాము. పెద్దమనిషి ఆలోచించి, "అది నిజమే, వాళ్ళ కథల్లో పశ్చాత్తాపం తక్కువ" అన్నారు. అంత సూటిగా ఒప్పుకొనేసరికి మేము సిద్ధము చేసుకొన్న మిగిలిన ప్రసంగము మా దగ్గరే ఉండిపోయినది. అభిమానము అన్నది ఎప్పుడూ క్షేమమని కూడా మేము అనము. అదే చిక్కడపల్లి ప్రక్కన, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో, 2024 డిసెంబరు 4 రాత్రి సినిమా హాలు ఎదుట జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము పోయినది. అక్కడ జనము ఒక మనిషిని చూడడానికి ఎగబడ్డారు. డాబా మీదివారు చూసేది ఒకరి ముఖము ఒకరు.

ఈ మాట అనడానికి మాకు కారణమున్నది. దానిని వ్రాయడము కష్టముగా ఉన్నది గాని, వ్రాయకపోతే ఈ వ్యాసము అబద్ధమవుతుంది.

మెట్లు దిగుతూ, మీరు ఆరుగురేనా అని అడిగాము. కరీంనగర్ కుర్రవాడు, "ఇంకొకడు ఉన్నడు అయ్యగారూ, ఖమ్మం దిక్కు నుంచి. ఇప్పుడు ఇంటికి పంపినం" అన్నాడు. తరువాత నెమ్మదిగా చెప్పాడు. ఆ ఖమ్మం యువకుడు అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్-1కు చదువుకొంటున్నాడు. ప్రొద్దున లైబ్రరీలో కూర్చుంటే రాత్రికి లేచేవాడు. 2022 అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష వ్రాశాడు. ప్రశ్నపత్రము బయటకు పొక్కి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయినది. జూన్ 11న మరల వ్రాశాడు. సెప్టెంబరులో అదియు రద్దయినది. తండ్రి లేడు, తల్లి కూలిపనికి వెళ్ళి డబ్బు పంపేది. ఆ సెప్టెంబరులో ఒక శనివారము వాడు డాబాకు రాలేదు. ఫోను ఎత్తలేదు. సీరియల్ మొదలుపెట్టకుండానే వీరు లేచి హాస్టలుకు వెళ్ళారు. గదిలో లైటు లేదు. మూడు దినములుగా ఏమీ తినలేదు, ఎవరితోను మాట్లాడలేదు. వీరు అతనిని ఒంటరిగా విడువలేదు. వారము రోజులు వంతులు వేసుకొని ఆ గదిలోనే నేల మీద పండుకొన్నారు. పెద్దమనిషి ఇంటి నుండి అన్నము తీసుకువెళ్ళారు. డాక్టరు దగ్గరకు కింగ్‌కోఠి అబ్బాయి తీసుకువెళ్ళాడు. తల్లికి ఫోను చేసి, బస్సులో ఒకరు కూడ వెళ్ళి ఇంట దిగబెట్టి వచ్చారు.

"ఆయన మన క్రైస్తవుడే అయ్యగారూ" అన్నాడు మన సహోదరుని కుమారుడు. "మన చర్చికి నాలుగు ఆదివారాలు వచ్చాడు. నేనే రమ్మన్నాను. చివరి బెంచీలో కూర్చున్నాడు. ఎవరూ పేరు అడగలేదు. అయిదో ఆదివారం రాలేదు. అదీ ఎవరూ అడగలేదు."

ఆ నాలుగు ఆదివారములు బలిపీఠము దగ్గర నిలబడి, చేతులెత్తి ఆ దీవెన పలికినది మేమే. ఆ చివరి బెంచీ మాకు ఎదురుగానే ఉంటుంది. ఎంత జ్ఞాపకము చేసుకొన్నా ఆ ముఖము మాకు గుర్తు రాలేదు.

మలాకీ గ్రంథము 3వ అధ్యాయము 16వ వచనము చూడండి. దేవుని భక్తులు తమలో తాము ముచ్చటించుకొన్న సంగతులను ఆయన వినగా, వారికి జ్ఞాపకార్థముగా ఒక గ్రంథము వ్రాయబడిన వైనము అక్కడ ఉన్నది. ప్రసంగము కాదు, పాట కాదు, మాటలు. మన ఆరాధన రెండు గంటలు. అందులో ఒక విశ్వాసి మరొక విశ్వాసితో మాట్లాడేది చెప్పులు వెదుక్కొనేటప్పుడు మాత్రమే.

తరువాతి వారము తండ్రిగారు, "మందలించారా అయ్యగారూ?" అని అడిగారు. మందలింపు జరిగినది గాని, అది మావైపు తిరిగినదని చెప్పి, ఖమ్మం అబ్బాయి సంగతి వివరించాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారము రోజులు కొడుకు ఇంటికి ఆలస్యముగా వస్తున్నాడని తిట్టినది ఆయనే.

ఆ నవంబరు నుండి మన సంఘములో ద్వారము దగ్గర ఒక నోటుపుస్తకము పెట్టాము. క్రొత్తగా వచ్చినవారి పేరు, ఉంటున్న చోటు వ్రాసుకొని, మంగళవారములు ఇద్దరిద్దరు వెళ్ళి చూసి వస్తున్నారు. కొన్ని వారములు బద్ధకము వలన తప్పిపోయినవి. ఆ మాట కూడా వ్రాస్తున్నాము. ఖమ్మం యువకుడు జనవరిలో తిరిగి వచ్చాడు. 2024 జూన్ 9న ముచ్చటగా మూడవసారి పరీక్ష వ్రాశాడు. ఆదివారములు ముందు బెంచీకి రమ్మంటే రాడు. చివరి బెంచీయే అలవాటు అంటాడు. ఇప్పుడు అతని ప్రక్కన మన సహోదరుని కుమారుడు కూర్చుంటాడు.

తండ్రిగారు మాత్రము ఆ డాబా ఎక్కడానికి చాలా నెలలు పట్టినది. ఒక శనివారము భార్య ఇచ్చిన పునుగుల డబ్బా పట్టుకొని వెళ్ళారు. మధ్యలో బయలుదేరి వచ్చేశారట, బస్సు దొరకదని. మరునాడు ఆరాధన అయిన తరువాత మెట్ల దగ్గర మమ్మును ఆపారు. ఏదో సంఘ విషయమేమో అనుకొన్నాము.

"అయ్యగారూ, ఆ రాతి తల్లి పిల్లలు చివరికి బతికాయా?" అని అడిగారు.

బ్రతికాయని చెప్పాము. వేలకొద్దీ గ్రుడ్ల నుండి బయటకు వచ్చి, గనివారికి సొరంగములు త్రవ్విపెడుతున్నవని చెప్పాము.

"అయితే వచ్చే శనివారం ముందుగా వెళ్తాను" అన్నారు.